గింజలో కట్టు... అన్నంలో గుట్టు!

రేపల్లె దాటి పెనుమూడి వైపు వెళ్తుంటే ఎటుచూసినా వరి చేలే. కృష్ణ ఒడ్డునున్న ఈ ఊళ్లో ఏ ఇంట్లో అడిగినా ఒకటే మాట... 'కొత్త బియ్యం ముద్దవుతుంది, పాత బియ్యమైతే పొడిపొడిగా ఉడుకుతుంది' అని. ఎందుకలా?

జవాబు గింజలోనే ఉంది. బియ్యంలో ఎక్కువ భాగం పిండిపదార్థం. అంటే, గ్లూకోజు పూసలు గుచ్చిన పొడవాటి దండలన్నమాట. దాదాపు తిన్నగా సాగేది అమైలోజు, గుబురుగా కొమ్మలేసేది అమైలోపెక్టిన్. దండలో పూసల్ని కలిపే బంధం గట్టిది, అన్నం వండితే తెగేది కాదు. దండకూ దండకూ మధ్య ఉండేది మాత్రం హైడ్రోజన్ బంధం. విడిగా చూస్తే చాలా బలహీనం. కానీ లెక్కలేనన్ని కలిస్తే గింజ గట్టిపడుతుంది! మన డీఎన్‌ఏలో రెండు పేటల్ని జతగా ఉంచడంలోనూ వీటికి పాత్ర ఉంది.

ఎసరు కాగితే ఈ పట్లు సడలుతాయి. సందుల్లోకి నీళ్లు చేరి గింజ ఉబ్బుతుంది. బియ్యం నిల్వ ఉన్నకొద్దీ అందులోని ప్రోటీన్ల మధ్య గంధకపు బంధాలు పెరుగుతాయి. అవి పిండి రేణువుల్ని అతిగా ఉబ్బనివ్వవు. పాత బియ్యం అన్నం విడివిడిగా ఉండటానికి అదో కారణం.

మరి చల్లారిన అన్నం బిరుసెక్కుతుందెందుకు? సడలిన దండలు మళ్లీ దగ్గరికి జరిగి పట్లు వేసుకుంటాయి. అలా బిగిసిన పిండిలో కొంత చిన్నపేగులో అరగదు. ఆ మేరకు రక్తంలోకి చేరే చక్కెర తగ్గుతుంది. తిరిగి వేడిచేసినా అమైలోజు వేసుకున్న పట్లు అంత తేలిగ్గా వీడవు.

షుగరున్న ఇళ్లకు ఇది పనికొచ్చే సంగతే. బియ్యం రకాన్ని బట్టీ తేడా ఉంటుంది. బాపట్లలో రూపుదిద్దుకుని 1986లో విడుదలైన బీపీటీ 5204... అదే మన సాంబ మసూరి! హైదరాబాద్‌లోని సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థల శాస్త్రవేత్తలు దానికి బాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకునే గుణాన్ని చేర్చారు. 2008లో వచ్చిన ఈ మెరుగైన రకానికి గ్లైసీమిక్ సూచీ 51 దగ్గర తేలింది. 55 లోపుంటే తక్కువ కిందే లెక్క.

అలాగని కంచం నిండా తినేయొచ్చని కాదు. పరిమాణం ఎప్పుడూ ముఖ్యమే. మిగిలిన అన్నాన్ని గంటలకొద్దీ బయట వదిలేయకుండా త్వరగా ఫ్రిజ్‌లో పెట్టాలి. లేదంటే క్రిములు పెరుగుతాయి. అవి వదిలే విషాల్లో కొన్ని వేడిచేసినా పోవు.

ముద్దయినా, పొడిపొడిగా ఉడికినా, చద్దిలా బిగిసినా... అదంతా కంటికి కనిపించని ఆ పట్ల మహిమే!