నేలమీద నడచు పడవ

భూపాలపల్లినుండి అడవుల నడుమ ఉత్తరముగా సాగివచ్చు బాట కాటారమువద్ద చీలును. ఒక దారి పడమట మంథనికి పోవును. మరియొకటి మహాదేవపురము మీదుగా కాళేశ్వరము చేరి, అచట గోదావరి వంతెన దాటి, మహారాష్ట్రలోని సిరొంచకు పోవును. వైశాఖమాసపు మధ్యాహ్నమున ఈ దారిని పోవువానికి ఆకురాలిన టేకుచెట్లు, ఎండిన గడ్డి, దూరమున ఎండమావులు తప్ప వేరేమియు కానరావు. ఇట్టి దారిలో పడవతో ప్రయాణమన్నచో ఎవరికైనను నవ్వు వచ్చును. అయినను ఎండిన దేశములలో పడవను బండిమీద కట్టుకొని ఒంటరిగా పోవువారు లోకమున కలరు.

అమెరికాలోని యూటా, ఆరిజోనా రాష్ట్రములందు విశాలమైన ఎడారులున్నవి. సంవత్సరమునకు 250 మిల్లీమీటర్ల వానయైనను కురియని నేలను సాధారణముగా ఎడారి యందురు. ఆ లెక్కను కాటారము ఎడారి కాదు. వేసవి ఎండలో మాత్రము అంతగా తీసిపోదు. కొలరాడో నది ఆ ఎడారులను కోసికొని లోతైన లోయలలో పారుచున్నది. గ్లెన్ లోయకు అడ్డముగా కట్టిన ఆనకట్ట వెనుక 1963 నుండి నీరు నిలిచి పావెల్ సరస్సు ఏర్పడెను. యాత్రికులు కారు వెనుక ట్రెయిలరును తగిలించి, దానిపై కయాకు అను చిన్న పడవను కట్టుకొని అచటికి పోవుదురు. కయాకు పుట్టినది ఎడారిలో కాదు. ఉత్తరధ్రువప్రాంతపు ఇన్యూట్ జాతివారు కొయ్యతోనో ఎముకతోనో చట్టము కట్టి, దానిపై సీలు చర్మము బిగించి, వేటకై దానిని చేసికొనిరి. సాధారణముగా అందు ఒక్కనికే చోటుండును. తెడ్డు ఒక్కటే, రెక్కలు మాత్రము రెండు కొనలందును ఉండును. మంచుకడలిలో పుట్టిన పడవ మండుటెడారిలో తిరుగుట చిత్రమే.

పడవ ప్రయాణమునకు నేలదారి తోడు కావలసివచ్చుట గోదావరికి క్రొత్త కాదు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప, మధ్యపరగణాలవరకు నదిమీద పడవలు నడిపి అచటి ప్రత్తిని సముద్రతీరమునకు దింపవలెనని సర్ ఆర్థర్ కాటన్ సంకల్పించెను. పటములో నది ఒకే గీత. దిగి చూచినచో మూడుచోట్ల రాతి అడ్డులు. మొదటిది దుమ్ముగూడెమువద్ద, రెండవది మహాదేవపురమునకు దిగువన ఇంచంపల్లివద్ద, మూడవది ఇంకను పైన ప్రాణహితలో. దుమ్ముగూడెమున ఆనకట్ట, కాలువ, లాకులు కట్టిరి. కాని వేసవిలో పడవలకు నీరు చాలదు, ఖర్చు పెరుగుచుండెను, 1867లో నాగపురమునకు రైలు రానే వచ్చెను. 1871లో పని మానివేసిరి. అడ్డు తొలగనిచోట సరకును దింపి, గట్టుమీదుగా మోసి, అవతల మరల పడవ కెక్కింపవలసినదే. నేటి యాత్రికుని ట్రెయిలరు చేయు పనియు అట్టిదే. అయితే అతనికి చేయి యందించు రెండవ మనిషి లేడు.

అందుచే అతడు బయలుదేరకముందే బరువు చూచుకొనవలెను. ఎద్దుబండిని తోలినవారికి ఇది చెప్పనక్కరలేదు. బండికి వెనుక బరువెక్కువైనచో కాడి పైకి లేచును. ముందు ఎక్కువైనచో ఎద్దుల మెడలు క్రుంగును. ట్రెయిలరును అంతే. మొత్తము బరువులో ఇంచుమించు పదవవంతో, అంతకు కొంచె మెక్కువో కారుకొక్కెముపై పడునట్లు సామాను సర్దవలెను. వెనుకకు మొగ్గినచో వేగమున అది పాముతోకవలె ఊగి, కారునే త్రోవ తప్పించును. చక్రములలో గాలి తక్కువైనచో రబ్బరు మాటిమాటికి నలిగి, వేడెక్కి, పగులును. కనుక చక్రములు చల్లగా ఉన్న తెల్లవారుజామున గాలిని కొలుతురు.

ఇక నీరు. అమెరికా ఎడారి ఉద్యానవనములలో మనిషికి రోజునకు సుమారు నాలుగు లీటర్ల నీరు వెంట నుండవలెనని హెచ్చరింతురు. తీవ్రమైన ఎండలో నడచువాని దేహమునుండి గంటకు లీటరు చెమట పోవుటయు కలదు. కారు చెడిపోయినచో దానిని విడిచి సాయమునకై నడచిపోవుట మిక్కిలి ప్రమాదకరము. కారు నీడ నిచ్చును. వెదకువారికి దూరమునుండి కనబడును. ఒంటరి మనిషి కనబడడు. ఏ దారిని పోవునదియు, ఏ వేళకు తిరిగివచ్చునదియు ముందుగా ఒకరికి చెప్పి పోయినవానినే వెదకువారుందురు.

ఎండిన దేశములో దాహముతోపాటు నీటివలనను చావు రాగలదు. ఎక్కడనో కొండలపై కురిసిన వాన, ఇచట ఆకాశము నిర్మలముగా నుండగనే, ఇరుకు లోయలోనికి గోడవలె దూసుకొనివచ్చును. కాళేశ్వరమువద్ద గోదావరిలో కలియు ప్రాణహిత కూడ వార్ధా, పెన్‌గంగ, వైన్‌గంగల నీటిని విదర్భనుండి తెచ్చును. వేసవిలో నడచి దాటదగిన ఇసుకమేటలు, కాటారములో చినుకు పడకున్నను, వానకాలమున మునిగిపోవును. భద్రాచలమువద్ద గోదావరి 1986 ఆగస్టులో 75.6 అడుగులకును, 2022 జూలైలో 71.3 అడుగులకును పెరిగెను. ఆనకట్ట గేట్లు ఎత్తినను దిగువ నీటిమట్టము త్వరగా మారును. మహాదేవపురము మండలములోని మేడిగడ్డ బరాజునకే 85 గేట్లు కలవు. అందుచే తెలిసిన యాత్రికుడు ఇసుక ఎంత మెత్తగా నున్నను దానిపై పండుకొనడు. గట్టెక్కి, పాతవరద చెట్లకొమ్మలలో విడిచిన చెత్త ఏ యెత్తున నున్నదో చూచి, దానికి పైన గుడారము వేసికొని, కయాకును కూడ అచటికే ఈడ్చి చెట్టునకు కట్టును.