తల్లి పీల్చే గాలి, బిడ్డ బరువు

గాలిలోని సూక్ష్మ ధూళికణాలు కడుపులోని బిడ్డ ఎదుగుదలను ఎంత దెబ్బతీస్తాయో తేల్చడానికి గర్భిణులను కావాలని పొగలో ఉంచలేం. అందుకే పరిశోధకులు కాన్పుల రికార్డులనూ గాలి కొలతలనూ జతచేసి గణాంక నమూనాలు తయారుచేస్తారు. ముఖ్యంగా చూసేవి రెండు: 37 వారాలు నిండకముందే కాన్పు కావడం, బిడ్డ రెండున్నర కిలోలకు తక్కువ బరువుతో పుట్టడం.

తల్లి ఎంత కాలుష్యం పీల్చిందన్నది మొదటి చిక్కు. కొలిచే కేంద్రాలు అన్ని ఊళ్లలో ఉండవు. ఉపగ్రహ సమాచారం, వాతావరణం, రోడ్ల రద్దీ కలిపి ఆమె ఇంటి దగ్గరి గాలిని అంచనా వేస్తారు. వంటింట్లోని కట్టెల పొయ్యి పొగ ఆ అంచనాకు అందదు. మన దేశంలో ఎందరో కాన్పుకు పుట్టింటికి వెళతారు. అత్తింటి చిరునామాతో వేసిన లెక్క ఆ నెలలకు తప్పుతుంది. ఏ దశలో పీల్చిన గాలి ఎక్కువ హాని చేసిందన్నది రెండో చిక్కు. దీనికోసం ఒక్కో వారపు ప్రభావాన్ని విడదీసి చూసే నమూనాలున్నాయి.

మూడోది మరింత కష్టం. పొగ ఎక్కువున్న చోట పేదరికం, రక్తహీనత కూడా ఎక్కువ ఉండవచ్చు. రిగ్రెషన్ పద్ధతిలో వయసు, చదువు, ఆదాయం, రుతువుల ప్రభావాన్ని లెక్కలోకి తీసుకుని కాలుష్యం వాటాను వేరుచేస్తారు. అయినా కొలవని తేడాలు మిగులుతాయి.

2008 బీజింగ్ ఒలింపిక్స్ ఈ విషయంలో అరుదైన అవకాశమిచ్చింది. ఆ రోజుల్లో ప్రభుత్వం ఫ్యాక్టరీలనూ వాహనాలనూ కట్టడి చేయడంతో గాలి తేటపడింది. తల్లికి ఎనిమిదో నెల ఆ రోజుల్లో పడిన శిశువులు, 2007, 2009లలో అవే తేదీల్లో ఎనిమిదో నెల పడినవారికంటే సగటున 23 గ్రాములు ఎక్కువ బరువుతో పుట్టారు.

అన్ని ఫలితాలూ ఇలా ఉండవు. భారత్, గ్వాటెమాల, పెరూ, రువాండాల్లో 3,200 మంది గర్భిణులను లాటరీ తరహాలో రెండు జట్లు చేసి, ఒక జట్టుకు గ్యాస్ పొయ్యిలిచ్చారు. వారు పీల్చే పొగ బాగా తగ్గింది. కానీ 2022లో వెలువడిన ఫలితాల్లో శిశువుల బరువులో చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. పొయ్యిలు అందేసరికే గర్భం తొలి వారాలు దాటిపోవడం ఒక కారణం కావచ్చు.

ఒక్క బిడ్డ విషయంలో 23 గ్రాములు స్వల్పమే. కానీ ఒక నగరంలోని శిశువులందరి సగటూ అంత పెరిగితే, రెండున్నర కిలోల గీతకు కాస్త కింద ఉండాల్సిన ఎందరో దాన్ని దాటుతారు. కాలుష్యాన్ని గర్భిణి ఒక్కతే తప్పించుకోలేదు కనుక, ఈ లెక్కలు ముందుగా చేరాల్సింది గాలిని శుభ్రం చేయగల ప్రభుత్వాలకు.