చాక్లెట్ బ్రౌనీల తయారీ: రుచితో పాటు లెక్కా కుదరాలి

గోదావరి జిల్లాల కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల నీడలో కోకో అంతరపంటగా పండుతున్నది. ఆ గింజల నుండి వచ్చే పొడితో ఇంటివద్దనే బ్రౌనీలు, కుకీలు తయారుచేసి అమ్మడం మహిళలకు అనువైన స్వయం ఉపాధి. అయితే ఈ పనిలో చేయి తిరిగినవారు సైతం ధర నిర్ణయించడంలో పొరబడి, రుణ వాయిదాలు చెల్లించలేక ఇబ్బంది పడే అవకాశమున్నది. కనుక మీరు బ్యాంకును సంప్రదించే ముందు ఈ క్రింది విషయాలు గమనించండి.

తయారీ విధానం

20 సెంటీమీటర్ల చదరపు ట్రేకు వెన్న 120 గ్రాములు, పంచదార 200 గ్రాములు, కోకో పొడి 50 గ్రాములు, మైదా 80 గ్రాములు, గ్రుడ్లు రెండు, చిటికెడు ఉప్పు సరిపోతాయి. కరిగించిన వెన్నలో పంచదార, కోకో, ఉప్పు కలిపి, గోరువెచ్చగా అయిన తరువాత గ్రుడ్లు వేసి బాగా గిలకొట్టాలి. చివరగా మైదా వేసి, పిండి కనబడనంత వరకు మాత్రమే కలపాలి. ఎక్కువగా కలిపితే బ్రౌనీ గట్టిపడుతుంది. ముందుగా వేడిచేసిన ఓవెన్‌లో 175 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 25 నిమిషాలు ఉంచాలి. పుల్ల గుచ్చి తీస్తే తడి పొడి కొద్దిగా అంటుకోవాలి. పుల్ల పూర్తిగా శుభ్రంగా వచ్చిందంటే పాకం మించినట్లే. పూర్తిగా చల్లారిన తరువాత కోస్తే 16 ముక్కలు వస్తాయి.

బ్రౌనీలో తేమ ఎక్కువ కనుక కొద్ది రోజులలోనే అమ్ముడుపోవాలి. కరకరలాడే కుకీలు మాత్రం గాలి చొరని డబ్బాలో చాలాకాలం నిలుస్తాయి. కొత్తగా ప్రారంభించేవారు కుకీలను నిల్వకు, బ్రౌనీలను ముందస్తు ఆర్డర్లకు కేటాయించుకోవడం క్షేమం.

అసలు ఖర్చు ఎంత?

ఒక ఉదాహరణ చూడండి. ఒక ట్రేకు సరుకుల ఖర్చు రూ.176 అనుకుందాం. అనగా ముక్కకు రూ.11. రూ.15కు అమ్మితే లాభమేనని తోస్తుంది. కాని విద్యుత్తుకు రూ.16, పెట్టెలకు, కాగితానికి రూ.32 కలిపితే ఖర్చు రూ.224 అవుతుంది. రెండు ముక్కలు అమ్ముడుపోక మిగిలితే, 14 ముక్కలపై వచ్చేది రూ.210 మాత్రమే. చేతి నుండి రూ.14 పోయినట్లే. గంటన్నర శ్రమకు కూలి రూ.90 కూడా కలిపితే, అమ్మిన ఒక్కొక్క ముక్కపై అసలు ఖర్చు రూ.22 దాటుతుంది. ఇంటి ఆడవారి శ్రమకు వెల కట్టకపోవడం మన అలవాటు. వ్యాపారంలో ఆ అలవాటు చెల్లదు.

సరుకుల ధరలూ స్థిరం కావు. పశ్చిమ ఆఫ్రికాలో పంట దెబ్బతిన్నందున 2024లో కోకో గింజల ధర అంతర్జాతీయ విపణిలో టన్నుకు 10,000 డాలర్లు దాటింది. కావున ప్రతి కొనుగోలు రసీదును భద్రపరచి, ధరను ఎప్పటికప్పుడు సరిచూసుకోవాలి.

రుణం ఎంత తీసుకోవాలి?

పెద్ద ఓవెన్ కొన్నంత మాత్రాన గిరాకీ పెరగదు. తొలుత చిన్న ఓవెన్‌తో మూడు నెలలు అమ్మి, ప్రతి ట్రేకు ఖర్చు, రాబడి, మిగులు పుస్తకంలో వ్రాయండి. నెలసరి మిగులు వాయిదాకు సరిపోయి మరికొంత మిగిలినప్పుడే రుణ పరిమాణం పెంచండి. 2015లో ప్రారంభమైన ముద్ర పథకం శిశు విభాగంలో రూ.50,000 వరకు హామీ లేకుండా రుణం లభిస్తుంది. పొదుపు సంఘం సభ్యులు సంఘం ద్వారా కూడా పొందవచ్చు. ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ వద్ద నమోదు తప్పనిసరి.

ఆ మూడు నెలల లెక్కల పుస్తకాన్ని వెంట తీసుకొని మీ బ్యాంకు శాఖకు వెళ్ళండి. ఎంత రుణం మీకు భారం కాదో అది చెబుతుంది.