తెర మీద సూది వేరు... ఒంటి మీద సూది వేరు!

విలన్ మీదకి ఉరికాడు. ఎదురుగా తెల్ల జుట్టు ముసలాయన. హాల్లో అందరూ ఊపిరి బిగబట్టారు. ముసలాయన నిదానంగా రెండు వేళ్లు మడిచాడు, గురి చూశాడు, ఒక్క పోటు పొడిచాడు. అంతే! విలన్ కట్టెలా బిగుసుకుపోయాడు. నేల క్లాసు నుంచి బాల్కనీ దాకా ఒకటే ఈలలు!

గుర్తొచ్చింది కదూ? 1996లో శంకర్ తీసిన 'భారతీయుడు'. కమల్‌హాసన్ సేనాపతి వేషంలో చేసిన మర్మవిద్య అది. 2024లో రెండో భాగం వచ్చినప్పుడు కూడా ఆ వేళ్లు ఊరుకోలేదు. 2001లో వచ్చిన 'కిస్ ఆఫ్ ది డ్రాగన్'లో జెట్ లీ ఇంకో మెట్టు ఎక్కాడు. మణికట్టు పట్టీలో సూదులు దాచుకుని, క్లైమాక్స్‌లో విలన్ మెడ మీద ఒక్క సూది గుచ్చాడు. వాడి ఒంట్లో నెత్తురంతా తలకెక్కి ప్రాణం పోయింది. 2004 నాటి 'కిల్ బిల్' రెండో భాగంలో సూది కూడా లేదు. అయిదు చోట్ల వేళ్లతో పొడిస్తే అయిదడుగులు నడిచి పడిపోయాడు ఆసామి!

నరసాపురం కుర్రకారుకి సినిమా సంగతులు ఒకరు చెప్పాలా! కృష్ణంరాజునీ, చిరంజీవినీ ఇచ్చిన మొగల్తూరు పక్కనే ఉంది. చిరంజీవి చదువుకున్న వై.ఎన్. కాలేజీ ఊళ్లోనే ఉంది. తెర మీద ఏది ట్రిక్కో, ఏది డూపో మనవాళ్లు ఇట్టే చెప్పేస్తారు. మరి ఈ సూది సంగతో? ఇందులో ట్రిక్కెంత, నిజమెంత? ఈ ప్రశ్న ఉబుసుపోకకి అడుగుతున్నది కాదు. మెడనొప్పితో మీ అమ్మ రేపు నిజంగా సూది వైద్యుడి దగ్గరికి బయలుదేరితే మీరేం చెబుతారు?

మర్మం వేరు, పాయింటు వేరు

ముందుగా ఒక చిక్కుముడి విప్పాలి. మన సినిమాలు రెండు వేరువేరు విద్యల్ని ఒకే గిన్నెలో వేసి కలిపేశాయి.

మన సుశ్రుత సంహితలో 107 మర్మస్థానాలు చెప్పారు. అవి దెబ్బ తగిలితే ప్రమాదమైన చోట్లు. కొన్నింటి మీద దెబ్బ పడితే వెంటనే ప్రాణం పోతుందనీ, కొన్నింటివల్ల అవిటితనం వస్తుందనీ, కొన్ని విపరీతంగా నొప్పి పెడతాయనీ విభజించారు. కత్తి పట్టే వైద్యుడు వీటిని తప్పించి కోయాలన్నది అక్కడి పాఠం. అంటే 'ఇక్కడ జాగ్రత్త' అని చెప్పే పటం.

చైనావాళ్ల ఆక్యుపంక్చర్ పాయింట్లు సరిగ్గా దీనికి తిరగేసి. 'ఇక్కడ సూది పెట్టు' అని చెప్పే పటం అది. 'చీ' అనే ప్రాణశక్తి ఒంట్లో కొన్ని దారుల వెంట ప్రవహిస్తుందనీ, ఆ దారిలో అడ్డు పడితే జబ్బు చేస్తుందనీ వాళ్ల సిద్ధాంతం. అలాంటి దారులు ముఖ్యమైనవి 14. వాటి మీద పాయింట్లు 361. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఆ 361 పాయింట్లకీ ఒకే పద్ధతిలో పేర్లూ, నంబర్లూ ఖాయం చేసింది. మరి ఒక్క పోటుతో మనిషిని బొమ్మని చేసే పాయింటు అందులో ఎక్కడుంది? ఎక్కడా లేదు! అది కుంగ్‌ఫూ కథల్లోంచి సినిమాల్లోకి నడిచొచ్చిన పాయింటు.

బొటనవేలే స్కేలు!

అసలు సూది ఎలా పెడతారో చూద్దాం. టేపు అక్కర్లేదు. రోగి బొటనవేలి వెడల్పే ఒక కొలత, దాని పేరు 'సున్'. నాలుగు వేళ్లు కలిపి పెడితే మూడు సున్‌లు. కొలత రోగి చేతిదే కావాలి, వైద్యుడి చేతిది కాదు. అందుకే పొట్టివాడికైనా పొడుగువాడికైనా లెక్క కుదురుతుంది.

ఉదాహరణకి మోకాలిచిప్ప కింది అంచు నుంచి నాలుగు వేళ్లు దిగి, ముంజంగ ఎముకకి బయటి పక్కన ఒక వేలెడు జరిగితే 'జూసన్‌లీ' అనే పాయింటు. 'కాలికి మూడు లీలు' అని ఆ పేరుకి అర్థం. లీ అంటే మన కోసు లాంటి దూరం కొలత. మణికట్టు లోపలి మడత నుంచి రెండు సున్‌లు పైకి, మధ్యలో ఉన్న రెండు నరాల్లాంటి తాళ్ల నడుమ 'నైగ్వాన్'. వాంతులకీ వికారానికీ దీన్ని వాడతారు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ ఉబ్బెత్తుగా ఉండే చోట 'హెగూ'. అది తలనొప్పికీ పంటినొప్పికీ పేరుపడ్డది. గర్భిణులకి మాత్రం ఆ చోట సూది పెట్టకూడదని సంప్రదాయం.

ఇక సూది. ఇంజక్షన్ సూదిలా బోలుగా ఉండదు, అందులో మందూ ఉండదు. వెంట్రుకంత సన్నని స్టీలు తీగ. మామూలుగా వాడేది పావు మిల్లీమీటరు మందం. కండ ఎక్కువున్నచోట నిటారుగా, తక్కువున్నచోట ఏటవాలుగా, తల మీదా ముఖం మీదా దాదాపు పడుకోబెట్టి గుచ్చుతారు. గుచ్చాక ఊరుకోరు. వేళ్ల మధ్య అటూ ఇటూ తిప్పుతారు, కొంచెం పైకి లాగి మళ్లీ దింపుతారు. అప్పుడు రోగికి ఆ చోట బరువుగా, తిమ్మిరిగా, లోపల ఏదో లాగినట్టుగా ఉంటుంది. దాన్ని చైనావాళ్లు 'దెచీ' అంటారు. చీ అందింది అని దానర్థం. ఆ తర్వాత పావుగంటో అరగంటో అలా వదిలేస్తారు. సూదులు పెట్టించుకుని నిద్రపోయేవాళ్లు కూడా ఉంటారు!

సూదికి తోడు సెగ కూడా ఉంది. ఒక ఆకుని ఎండబెట్టి, నలిపి, దూదిలా చేసి, అంటించి పాయింటు దగ్గర వెచ్చదనం తగిలిస్తారు. ఆ ఆకు ఏమిటనుకున్నారు? వినాయక చవితినాడు పత్రిలో మొదటగా చదివే మాచిపత్రి ఉంది చూశారూ, దానికి దగ్గరి చుట్టం!

పరీక్ష కూడా సినిమాటిక్‌గానే ఉండేది. 1027లో సుంగ్ రాజుల కాలంలో వాంగ్ వైయీ అనే వైద్యుడు నిలువెత్తు కంచు మనిషిని పోత పోయించాడు. ఒళ్లంతా పాయింట్ల దగ్గర చిన్న చిన్న బెజ్జాలు. పైన మైనం పూసి, లోపల నీళ్లు నింపేవారట. విద్యార్థి సూది గుచ్చితే నీటిచుక్క బయటికొస్తే పాస్, లేకపోతే ఫెయిల్!

షోలాపూర్ డాక్టరు - శాంతారాం సినిమా

ఈ విద్య మన దేశానికి రావడం వెనకా ఒక సినిమా కథ ఉంది. 1938లో జపాన్ దాడితో అల్లాడుతున్న చైనాకి మన కాంగ్రెస్ అయిదుగురు డాక్టర్లని పంపింది. వాళ్లలో ఒకరు ద్వారకానాథ్ కోట్నిస్. ఊరు షోలాపూర్. తెలంగాణ నుంచి వలసపోయిన మన చేనేతవాళ్లు వేల కుటుంబాలుగా స్థిరపడ్డ ఊరది. కోట్నిస్ అక్కడి సైనికులకి రాత్రింబవళ్లు ఆపరేషన్లు చేశాడు, చైనా అమ్మాయిని పెళ్లాడాడు, 1942 డిసెంబరు 9న అక్కడే కన్నుమూశాడు. అప్పటికి 32 ఏళ్లే. 1946లో వి. శాంతారాం 'డాక్టర్ కోట్నిస్ కీ అమర్ కహానీ' తీసి, తనే కోట్నిస్‌గా వేశాడు. చైనా భార్య పాత్ర జయశ్రీది.

ఆ సినిమాలో సూది లేదు. కోట్నిస్ కత్తి పట్టిన సర్జను. సూది తెచ్చింది అదే బృందంలో వెళ్లిన బెంగాలీ డాక్టరు బి.కె. బసు. ఆయన మళ్లీ చైనా వెళ్లి, ఆక్యుపంక్చర్ నేర్చుకుని, 1959లో దాన్ని కలకత్తాకి తీసుకొచ్చాడు. చనిపోయిన మిత్రుడి పేరు మీదే దాన్ని ప్రచారం చేశాడు. పశ్చిమ బెంగాల్ 1996లో దీనికొక చట్టం చేసింది. కేంద్ర ప్రభుత్వం 2019లో దీన్ని ఒక చికిత్సా విధానంగా గుర్తించింది.

కెమెరా చూసింది, కెమెరా చూడనిది

1971 జులైలో న్యూయార్క్ టైమ్స్ విలేఖరి జేమ్స్ రెస్టన్‌కి పెకింగ్‌లో అపెండిసైటిస్ వచ్చింది. ఆపరేషన్ మామూలు మత్తుమందుతోనే చేశారు. తర్వాత కడుపు ఉబ్బరించి బాధపడుతుంటే సూదులు పెట్టారు, ఉపశమనం కలిగింది. ఆయన రాసిందీ అంతే. కానీ ఆ కథ నోటా నోటా తిరిగి 'మత్తు లేకుండా సూదులతోనే ఆపరేషన్ చేశారట' అని అయి కూర్చుంది!

మరుసటి ఏడాది, 1972లో, ఇటలీ దర్శకుడు ఆంటోనియోని చైనా మీద డాక్యుమెంటరీ తీశాడు. అందులో ఒక సీను చూసి ప్రపంచం నోరెళ్లబెట్టింది. ఒక తల్లికి సిజేరియన్ చేస్తుంటారు. మత్తుకి బదులు సూదులు. ఆమె మెలకువగా ఉండి మాట్లాడుతూ ఉంటుంది. సీను అబద్ధం కాదు. అయితే కెమెరాకి అందని సంగతులున్నాయి. అలాంటి ఆపరేషన్లకి ఓర్చుకోగలవాళ్లని ఏరి తీసుకునేవారు. చాలా కేసుల్లో సూదులకి తోడు మత్తు కలిగించే మందులూ వాడేవారు. ఆ ఊపు తగ్గాక చైనాలో కూడా పెద్ద ఆపరేషన్లు మామూలు మత్తుతోనే చేస్తున్నారు.

ఇంటర్వెల్ ట్విస్టు

ఇక్కడే అసలు ట్విస్టు. జర్మనీలో నడుంనొప్పి మనుషులు 1162 మందిని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకి సరైన పాయింట్లలో సూదులు. రెండో జట్టుకి పాయింట్లు కానిచోట్ల పైపైన సూదులు. మూడో జట్టుకి మామూలు మందులూ, వ్యాయామం. మొదటి రెండు జట్లకీ అరగంట చొప్పున పది సిట్టింగులు. ఆరు నెలల తర్వాత చూస్తే మొదటి జట్టులో 47.6 శాతం మందికి గుణం కనిపించింది. మూడో జట్టులో 27.4 శాతమే. శభాష్ అనుకున్నారా? ఆగండి! తప్పుచోట గుచ్చిన రెండో జట్టులో కూడా 44.2 శాతం మందికి గుణం కనిపించింది! 2007లో వచ్చిన ఫలితాలివి.

2018లో 39 పరిశోధనల్లోని 20,827 మంది వివరాలు కలిపి చూశారు. మెడ, నడుం, మోకాలు, భుజం నొప్పులకీ, తరచూ వచ్చే తలనొప్పికీ సూదులవల్ల మేలు ఉందని తేలింది. సరైన పాయింటుకీ, ఉత్తుత్తి సూదికీ తేడా ఉంది, కానీ కొంచెమే. ఆపరేషన్ తర్వాత వచ్చే వాంతులకి మణికట్టు పాయింటు పనిచేస్తుందని కూడా 59 పరిశోధనలు కలిపి చూసి చెప్పారు. సూది గుచ్చినప్పుడు ఒంట్లో ఎండార్ఫిన్లనే సహజమైన నొప్పి మందులు ఊరతాయని ఒక వివరణ. నమ్మకం, అరగంట విశ్రాంతి, ఓపిగ్గా చూసుకునే మనిషి, ఇవీ పనిచేస్తాయి. చీ ప్రవహించే దారులు మాత్రం కోసి చూసినవాళ్లెవరికీ కనిపించలేదు.

అంటే తెర మీద ప్రాణం తీసేంత గురి ఉన్న పాయింటు, అసలు జీవితంలో కాస్త అటూ ఇటూ అయినా సర్దుకుపోతుందన్నమాట!

మన లేసు అమ్మల మెడ

నరసాపురం చుట్టుపక్కల సూది అంటే ముందు గుర్తొచ్చేది వైద్యం కాదు, లేసు. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన అల్లిక అది. కొక్కెం సూదీ, తెల్ల దారం పట్టుకుని, అరుగు మీద తల వంచి కూర్చుంటే గంటలు గడిచిపోతాయి. అక్కడ అల్లిన లేసు విదేశాలకి వెళుతుంది. పట్టేసిన మెడ మాత్రం ఇంట్లోనే ఉంటుంది. ఇలాంటి మెడనొప్పి సూదికి లొంగే అవకాశమున్న నొప్పుల్లోదే.

కానీ లెక్క కూడా చూడాలి. పది సిట్టింగుల ఖర్చు ఎన్ని రోజుల అల్లిక కూలీయో మీ అమ్మకి బాగా తెలుసు. డబ్బు పోతే మళ్లీ అల్లుకోవచ్చు. 'సుగరుకీ, బీపీకీ, పక్షవాతానికీ ఒకటే సూది, మాత్రలన్నీ ఆపెయ్యండి' అనేవాడి చేతిలో పడితే పోయేది ఆరోగ్యం. మెడనొప్పికి వెళ్లిన మనిషి సుగరు మాత్ర మానేసి ఇంటికొస్తే, ఆ సీన్‌కి రీటేక్ ఉండదు!

అందుకని అమ్మతో మీరూ వెళ్లండి. సూదుల పాకెట్టు మీ కళ్ల ముందే చింపాలి, వాడినవి పారెయ్యాలి. ఒకరి సూది ఇంకొకరికి వాడితే కామెర్లు తెచ్చే హెపటైటిస్ లాంటివి అంటుకుంటాయి. ఎక్కడ చదివారని అడగండి, మొహమాటం వద్దు. ఛాతీ మీదా, భుజం పైనా సూది లోతుగా దిగితే ఊపిరితిత్తికి చిల్లు పడే ప్రమాదముంది, అరుదే అయినా ఉంది. రక్తం పలచబడే మందులు వాడుతున్నా, గర్భంతో ఉన్నా ముందే చెప్పాలి. చేతులు తిమ్మిరెక్కి పట్టు తప్పుతుంటే, జ్వరంతో మెడ బిగుసుకుపోతే సూది దాకా వెళ్లకుండా ఆసుపత్రికి వెళ్లాలి. మొదటిసారి పడుకునే పెట్టించుకోవాలి, కొందరికి కళ్లు తిరుగుతాయి. అయిదారు సిట్టింగులకి ఏ తేడా లేకపోతే నమస్కారం పెట్టి వచ్చెయ్యండి.

ఇంతకీ సేనాపతి వేళ్లు మడిచినప్పుడు ఈల వెయ్యాలా, వద్దా అంటారా? భేషుగ్గా వెయ్యండి! టిక్కెట్టు కొన్నది అందుకే కదా. ఇంటికెళ్లాక మాత్రం గంటకోసారి అమ్మ చేతిలోని అల్లిక తీసి పక్కన పెట్టి, ఆమెని లేపి నాలుగడుగులు నడిపించండి. దానికి పైసా ఖర్చు లేదు, పాయింటు తప్పుతుందన్న భయమూ లేదు!