లినక్సు కంప్యూటరునకు వెలుపలి డిస్కుల పేటిక

తాళపత్రములు చదువుకొనువాఁడు కంప్యూటరును గుఱించి ప్రసంగించుట వింతగాఁ దోఁపవచ్చును. కారణము చెప్పి మఱి విషయమునకు వత్తును.

మా ప్రాంతపు ఇండ్లలోని తాటియాకుల గ్రంథములకు ఛాయాచిత్రములు తీసి నే నొక హార్డుడిస్కులో నిలువ చేయుచుంటిని. ఒక గృహస్థు తమ తాతగారి జ్యోతిషగ్రంథమునకుఁ జిత్రములు తీయించి, “ఇఁక నిది మీకడ భద్రముగా నున్నది గదా” యని, 2016వ సంవత్సరపు కృష్ణాపుష్కరములలో ఆకులను నదిలోఁ గలిపివేసెను. 2019లో ఒకనాఁటి యుదయమున నా డిస్కు గడియారమువలె టిక్కుటిక్కుమని చప్పుడు చేసి నిలిచిపోయినది. బాగుచేయువారు చూచి పెదవి విఱచిరి. నూటయిరువది యాకుల గ్రంథము లేకపోయినది. ఆ యింటి గడప త్రొక్కుటకు నేఁటికిని వెనుకాడుదును.

ఇట్టి డిస్కులో నిమిషమునకు 5400 గాని 7200 గాని మాఱులు తిరుగు పళ్లెము లుండును. తిరుగునది యరుగును, కావున నొక్క డిస్కును నమ్మరాదు. 1988లో అమెరికాయందు, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ శాఖవారగు ప్యాటర్సను, గిబ్సను, కాట్జు అను మువ్వురు, చవుక డిస్కులను జతపఱచి, ఒకటి చెడినను తక్కినవి యా లోపమును తీర్చు పద్ధతులను వివరించి యొక పత్రము ప్రకటించిరి. వానికి రెయిడ్ అని పేరు. మన ఘనపాఠులు పదములను ముందునకును వెనుకకును మరలమరల వల్లించుటలోని యుపాయ మిట్టిదే. అచట పునరుక్తి దోషము గాదు, రక్ష.

ఆ పద్ధతులలో రెండింటిని మాత్రము చెప్పెదను. మొదటిది జంట పద్ధతి: వ్రాసినదెల్ల రెండు డిస్కులలో నేకకాలమున వ్రాయఁబడును. 4 టెరాబైట్ల డిస్కులు రెండు పెట్టినను మనకు దక్కు చోటు నాలుగే. రెండవదానికి మూఁడు డిస్కులు కావలయును. ఒక కరణము 27 అనియు, మఱియొకఁడు 15 అనియు వ్రాసికొనఁగా, మూఁడవవాఁడు మొత్తము 42 వ్రాసెననుకొనుఁడు. ఎవని పుస్తకము కాలినను, మిగిలిన రెండింటినిబట్టి దానిని రాఁబట్టవచ్చును. కంప్యూటరు చేయు లెక్క వేఱైనను సూత్ర మిదియే. ఇందు మూఁడు నాలుగుల పండ్రెండింట నెనిమిది దక్కును. నాబోఁటి వానికి లెక్క తక్కువగుట మేలని జంట పద్ధతినే యెంచుకొంటిని.

రెండు డిస్కులు పట్టు పెట్టె యొకటి కొని, యూఎస్‌బీ తీగతోఁ గంప్యూటరునకుఁ దగిలించితిని. కొన్ని పెట్టెలు ఈ జతపఱచు పని తామే చేయును. దాని నొల్లక, డిస్కులు వేఱువేఱుగాఁ గనఁబడునట్లు పెట్టెను అమర్చుకొంటిని. ఏలన, పెట్టె చెడినచో నట్టి పెట్టెయే మఱల దొరకవలసి రావచ్చును. లినక్సే జతపఱచినచో నే లినక్సు కంప్యూటరునకుఁ దగిలించినను చదువుకొనవచ్చును. 1991లో ఫిన్లాండు దేశపు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన యీ లినక్సునకు వెల లేదు.

ఆంగ్లలిపిలో టైపు చేయవలసిన యాజ్ఞలను పలుకునట్లుగాఁ జెప్పుచున్నాను. మొదట “ఎల్‌ఎస్‌బీఎల్‌కే” యనినచో డిస్కుల పట్టిక వచ్చును. నా కంప్యూటరులో దాని సొంత డిస్కు ఎస్‌డీఏ. క్రొత్తవి ఎస్‌డీబీ, ఎస్‌డీసీ. ఇచటనే ప్రమాదము కలదు. ఈ పేర్లు స్థిరములు గావు; కంప్యూటరును మఱల వెలిగించునపుడు తాఱుమాఱు కావచ్చును. తరువాతి యాజ్ఞ చెప్పిన డిస్కులను తుడిచివేయును. కావున పరిమాణమును, డిస్కుపై ముద్రించిన క్రమసంఖ్యను పోల్చిచూచి మఱి ముందునకుఁ బోవలయును. నేను మూఁడు మాఱులు చూచితిని. చేయి వణఁకినదనియు నొప్పుకొందును.

పిదప, సూడో అను మాటను ముందుంచి, “ఎండీఆడ్మ్” అను సాధనమునకు, ఒకటవ తరగతి జంటను, రెండు డిస్కులతో, ఎండీ0 అను పేర నేర్పఱచుమని యాజ్ఞ యిచ్చితిని. రెండింటిని సమముచేయుటకు దానికిఁ జాల గంటలు పట్టినది. పిమ్మట “ఎమ్‌కేఎఫ్ఎస్” తో, ఈఎక్స్‌టీ4 అను పద్ధతిని చోటును అమర్చి, ఒక సంచయమునకుఁ దగిలించితిని. వెలిగించినపు డెల్ల దానంతట నది తగులుకొనుటకై “ఎఫ్‌ఎస్‌ట్యాబ్” అను పట్టీలో నొక పంక్తి వ్రాయవలయును. అందు ఎస్‌డీబీ వంటి పేరు గాక, యూయూఐడీ యను స్థిరమైన గుర్తును వ్రాయుట మంచిది. “నోఫెయిల్” అను మాటను గూడఁ జేర్చినచో, పెట్టె యాఁపియున్నపుడును కంప్యూటరు మొరాయింపదు.

“ప్రాక్” సంచయములోని “ఎండీస్టాట్” ను తెఱచినచో జంట యారోగ్యము తెలియును. రెండు యూ అక్షరములు ప్రక్కప్రక్కన నున్నచో రెండును క్షేమము. ఒకదాని స్థానమున నడ్డగీఁత కనఁబడినచో నా డిస్కు పడిపోయినది. నమ్మకము కుదురుటకై, చిత్రము లెక్కించిన పిదప, ఒక డిస్కు చెడినదని ఎండీఆడ్మ్‌తో నేనే చెప్పించి తొలఁగించితిని. అడ్డగీఁత వచ్చినది, చిత్రములు మాత్రము అన్నియుఁ దెఱచుకొన్నవి. డిస్కును మఱలఁ జేర్పఁగా సమీకరణము తిరిగి మొదలైనది.

ఇంత చేసి నిశ్చింతగా నుంటిని. ఒకనాఁడు నా శిష్యుఁడు ఖాళీ సంచయ మనుకొని యొక గ్రంథపు చిత్రములను తుడిచివేసెను. జంటలోని రెండు డిస్కులును రెప్పపాటులో నా యాజ్ఞను శిరసావహించినవి! ఒకే లేఖకుఁడు రెండు పుస్తకములలో నొక్కమాఱే వ్రాయునపుడు, కొట్టివేఁత గూడ రెంటను పడును. పిడుగు పడినను, దొంగ వచ్చినను పెట్టెతోఁ గూడ రెండును పోవును. దైవవశమున ఆ గ్రంథపు టాకులు యజమాని యింట నింకను గలవు, మఱల తీసితిమి.

అప్పటినుండి మూఁడవ ప్రతి యొకటి, కంప్యూటరునకుఁ దగిలింపని వేఱు డిస్కులో, పొరుగూరిలో శిష్యుని యింట నుంచుచున్నాను. ప్రతి మాసమున మొదటి యాదివారము నతఁడు దానిని తెచ్చును. “ఆర్‌సింక్” అను నాజ్ఞ క్రొత్తగాఁ జేరిన చిత్రములను మాత్రమే దాని కెక్కించును. తుడిచివేయుమని మనము ప్రత్యేకముగాఁ గోరనంతవఱకు, ఇచటఁ బోయినవి యచటఁ జెరగవు. సాయంకాలపు బస్సునకు డిస్కును సంచిలోఁ బెట్టుకొని యతఁడు తన యూరు వెళ్లును.