ప్రథమ చికిత్స సంచి

ప్రథమ చికిత్స సంచి అనగా ప్రమాదం జరిగిన చోటనే, వైద్యసహాయం అందేలోగా బాధితుని కాపాడుటకు కావలసిన సామగ్రిని ఉంచుకొనే చిన్న సంచి. పాఠశాలల్లోను, కార్యాలయాల్లోను గోడకు తగిలించే తెల్లని పెట్టెకు ఇది సంక్షిప్త రూపం. పుస్తకాల సంచిలో గాని, చేతిసంచిలో గాని ఇమిడిపోవలెను. పెద్దదైతే మొదటి వారం తరువాత ఎవరూ వెంట తీసుకొనిపోరు. ఈ వ్యాసంలో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల అవసరాలను బట్టి దాని కూర్పు వివరించబడినది.

చరిత్ర

జర్మన్ సైనిక శస్త్రవైద్యుడు ఫ్రీడ్రిక్ ఎస్మార్క్ 19వ శతాబ్దంలో త్రికోణపు కట్టుగుడ్డను ప్రచారంలోకి తెచ్చాడు. 1877లో ఇంగ్లండులో సెయింట్ జాన్ అంబులెన్స్ అసోసియేషన్ ఏర్పడి సామాన్యులకు శిక్షణ ఇవ్వసాగింది. 1888లో జాన్సన్ అండ్ జాన్సన్ సంస్థ అమెరికా రైలుమార్గ కార్మికుల కొరకు ప్రథమ చికిత్స పెట్టెలను తయారుచేసింది. మన దేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం, 45వ సెక్షను ద్వారా, ప్రతి 150 మంది కార్మికులకు కనీసం ఒక పెట్టె ఉండవలెనని నిర్దేశించింది. అయితే మిల్లు గోడకు ఉన్న పెట్టె, పని ముగించి ద్విచక్రవాహనంపై ఇంటికి పోయే కార్మికుని వెంట రాదు కదా.

ప్రాంతపు అవసరాలు

సూర్యాపేట, కోదాడ పట్టణాలు హైదరాబాదు - విజయవాడ జాతీయ రహదారి మీద ఉన్నవి. పూర్వం 9వ నెంబరుగా పిలువబడిన ఈ దారి ఇప్పుడు 65వ నెంబరు జాతీయ రహదారి. మిర్యాలగూడ మీదుగా అద్దంకి - నార్కెట్‌పల్లి రహదారి పోతున్నది. కనుక వాహన ప్రమాదాలలో కలిగే రక్తస్రావం మొదటి సమస్య. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింది వరిపొలాలలో పాముకాటు, కొడవలి గాయాలు రెండవది. మిర్యాలగూడ బియ్యపు మిల్లులలో ఊక, దుమ్ము కంటిలో పడుట మూడవది. వేసవిలో వడదెబ్బ అందరికీ ఉన్నదే.

రక్తస్రావానికి కావలసినవి

సంచిలో సగం స్థలం దీనికే కేటాయించుట మంచిది. పెద్ద రక్తనాళం తెగినప్పుడు కొద్ది నిమిషాలలోనే ప్రాణం పోవచ్చును. అంబులెన్సు ఎంత వేగంగా వచ్చినా అంత త్వరగా చేరుట కష్టం. ఆ వ్యవధిలో పక్కనున్న మనిషి చేతులే వైద్యం.

ఒక జత రబ్బరు చేతితొడుగులు, శుద్ధిచేసి కాగితంలో మూసిన గాజుగుడ్డ మడతలు ఐదారు, 10 సెంటీమీటర్ల వెడల్పు గల క్రేప్ బ్యాండేజీ ఒకటి, త్రికోణపు కట్టుగుడ్డ ఒకటి, మొనలు మొద్దుగా ఉన్న కత్తెర, అంటుకొనే టేపు ఉండవలెను. గాజుగుడ్డను గాయంపై ఉంచి అరచేతితో గట్టిగా అదిమి పట్టవలెను. మాటిమాటికీ తీసి చూడరాదు. చూస్తే గడ్డకట్టిన రక్తం ఊడి మరల కారును. మొదటి గుడ్డ తడిసిపోయినచో రక్తం వస్తున్న చోటనే అదుముతున్నామా అని సరిచూసుకొని, దానిపై మరొకటి వేసి ఇంకా గట్టిగా అదిమి, తరువాత క్రేప్ బ్యాండేజీ చుట్టవలెను. గుచ్చుకొన్న ఇనుపముక్కను గాని గాజుపెంకును గాని లాగరాదు. దాని చుట్టూ గుడ్డ దన్నుగా పెట్టి కదలకుండా ఆసుపత్రికి చేర్చవలెను. త్రికోణపు గుడ్డ చేయి విరిగినప్పుడు మెడకు వేసి కట్టుటకు పనికివచ్చును. తువ్వాలు కూడా ఆ పనే చేయును, మన ప్రాంతంలో అది లేని భుజం అరుదు.

ఇతర సామగ్రి

చిన్న గాయాలకు అంటించే పట్టీలు పది, పోవిడోన్ అయోడిన్ చిన్న ట్యూబు చాలును. గాయాన్ని ముందుగా శుభ్రమైన నీటితో బాగా కడుగుట మందు రాయుటకన్న ముఖ్యం. కంటిలో ఊక పడినచో నలపక, మంచినీటిని ధారగా పోసి కడుగవలెను. కాలిన గాయాన్ని 20 నిమిషాల పాటు కుళాయి నీటి కింద ఉంచవలెను. టూత్‌పేస్టు, సిరా పూయుట హానికరం.

ఓఆర్ఎస్ పొట్లాలు రెండు ఉంచుకోవలెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం 20.5 గ్రాముల పొడిని ఒక లీటరు నీటిలో కలపవలెను. ఇదే పేరుతో తీపి పానీయాలు అమ్ముటపై హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడిన మీదట, 2025 అక్టోబరులో భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ అటువంటి పానీయాలపై ఆ పేరు వాడరాదని ఆదేశించింది. స్పృహ లేని వడదెబ్బ రోగికి నోటి ద్వారా ఏదీ పోయరాదు. నీడకు చేర్చి, ఒళ్ళంతా తడిపి, విసరుతూ ఆసుపత్రికి తరలించవలెను.

సంచిలో ఉంచకూడనివి

పాముకాటుకు కోసి విషం తీయుటకు బ్లేడు, బిగించి కట్టుటకు తాడు కొందరు నేటికీ దాచుకొంటారు. ఇవి ప్రయోజనం లేనివే కాక ప్రమాదకరం. కోత వలన రక్తస్రావం, తాడు వలన అవయవం చచ్చుబడుట సంభవించును. నాగుపాము, కట్లపాము, రక్తపింజర కాట్లకు విరుగుడు ఆసుపత్రిలో ఇచ్చే యాంటీవెనమ్ సూదిమందే. కరచిన కాలిని విరిగిన ఎముక వలె కదలకుండా ఉంచి, ఉంగరాలు, మెట్టెలు తీసివేసి, బాధితుని నడిపించకుండా తీసుకొనిపోవలెను. పామును వెతుకుటలో కాలం వృథా చేయరాదు.

పరులకు ఇచ్చుటకు మాత్రలు కూడా వద్దు. తన కొరకు వైద్యుడు రాసినవి వేరు.

నిర్వహణ

మే నెల ఎండలో నిలిపిన వాహనపు డిక్కీలో టేపు జిగురు కరిగిపోవును, మందులు చెడును. కనుక సంచిని మనిషి వెంటనే ఉంచుట మేలు. మూడు నెలలకొకసారి గడువు తేదీలు చూచి, వాడినవి భర్తీ చేయవలెను. లోపల ఒక అట్టముక్కపై తన పేరు, వాడే మందులు, పడని మందులు, ఇంటి ఫోను నెంబరు రాసి పెట్టవలెను.

2005 ఆగస్టు 15న హైదరాబాదులో ప్రారంభమైన 108 అంబులెన్సు సేవకు ఫోను చేయునప్పుడు ఊరిపేరుతో పాటు రహదారిపై కిలోమీటరు రాయి సంఖ్య, ఏ వైపు మార్గమో కూడా చెప్పవలెను. సహాయం చేస్తే పోలీసు కేసులో చిక్కుకొందుమను భయం చాలామందిని వెనుకకు లాగుచున్నది. 2016లో సుప్రీంకోర్టు ఈ విషయమై మార్గదర్శకాలకు చట్టబద్ధత కల్పించగా, 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 134ఎ సెక్షను సద్భావంతో సహాయపడినవారికి రక్షణ ఇచ్చింది. క్షతగాత్రుని ఆసుపత్రిలో చేర్చిన వ్యక్తి తన పేరు, చిరునామా చెప్పవలెనని ఎవరూ నిర్బంధించరాదు.