ఆపరేషన్ గదిలో పనిచేసేవారికి నడుము నొప్పి ఎందుకు?

ఆపరేషన్ అయి ఇంటికి వెళ్లేవారు మాకు ఆప్యాయంగా కృతజ్ఞతలు చెబుతారు. అయితే ఆ గదిలో పనిచేసే మాలో చాలామందికి నడుము నొప్పి ఉంటుందని బయటివారికి తెలియదు. మేము కూడా దానిని పైకి చెప్పుకోము. అలా దాచుకోవడం మంచిది కాదు.

వెన్నుపూసల మధ్య మెత్తని దిండ్లవంటి డిస్కులు ఉంటాయి. ముందుకు వంగి నిలబడితే వాటిమీద ఒత్తిడి పెరుగుతుంది, నడుము కండరాలు అలసిపోతాయి. ఆపరేషన్ మధ్యలో ఇష్టం వచ్చినట్లు కదలడానికి వీలుండదు. ఎక్స్‌రే వాడేటప్పుడు వేసుకునే సీసపు ఏప్రన్ కొన్ని కిలోల బరువుంటుంది. 70 కిలోల మనిషి కాలు ఒక్కటే సుమారు 11 కిలోలు. మందుతో కాలు శుభ్రం చేసేంతసేపు ఒకరు దానిని ఎత్తి పట్టుకోవాలి. వెన్నుకు మత్తు ఇచ్చాక రోగి కాళ్లు కదపలేరు గనుక ఆ బరువంతా మామీదే పడుతుంది.

రోగిని చేతులతో ఎత్తేటప్పుడు ఒక్కొక్కరిమీద 16 కిలోలకు మించి బరువు పడకూడదని అమెరికా నిపుణులు 2007లో సూచించారు. కాబట్టి ఒక్కరే ఎత్తడం ధైర్యం కాదు, పొరపాటు. నలుగురు కలిసి, జారుడు షీటు వేసి, ఒకేసారి జరపాలి. బల్లను మోచేతుల ఎత్తుకు సరిచేసుకోవాలి. పొడవు చాలనివారు పీట వేసుకోవాలి.

మత్తు ఇవ్వకముందు "కొంచెం జరగండమ్మా" అని సిస్టరు అడిగినప్పుడు, మీకు వీలైతే మీరే జరగండి. అది మాకు పెద్ద సహాయం.

మంచాన ఉన్న పెద్దవారిని ఇంట్లో చూసుకునేవారికీ ఈ మాటలు వర్తిస్తాయి. ఒంటరిగా ఎత్తకండి. ఇంకొకరిని పిలవండి. మోకాళ్లు వంచి, బరువును ఒంటికి దగ్గరగా పట్టుకోండి. నడుము మెలితిప్పకండి.

నొప్పి వస్తే రోజుల తరబడి పడుకోవద్దు. మామూలు నడుము నొప్పి చాలామందికి కొన్ని వారాలలో తగ్గుతుంది. ఓర్చుకోగలిగినంత వరకు నడుస్తూ, పనులు చేసుకుంటూ ఉండాలి. దీర్ఘకాలపు నొప్పికి వ్యాయామం మేలని, నడుము బెల్టులు మామూలుగా వాడనవసరం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో తెలిపింది.

అయితే కాళ్లలో బలం తగ్గినా, మర్మావయవాల దగ్గర తిమ్మిరి ఎక్కినా, మలమూత్రాల మీద అదుపు తప్పినా ఆ రోజే ఆసుపత్రికి రండి. నొప్పితోపాటు జ్వరం, బరువు తగ్గడం ఉంటే వెన్నుకు క్షయ సోకిందేమో చూడాలి. పడిపోయిన తరువాత నొప్పి మొదలైనా ఆలస్యం చేయకండి.

నొప్పిని ఓర్చుకోవడం సేవ కాదు. బరువును పంచుకోవాలి, నొప్పిని చెప్పుకోవాలి. ఈ మాట మీకే కాదు, మాకూ చెప్పుకుంటున్నాము.